గోడకి చెవులు

మా పక్కింటి వదినగారి మనవరాలికి ఆదివారమంటే ప్రాణం. సెలవని కాదు, ఆ ఒక్కరోజూ జుట్టు వదిలేసుకోవచ్చని. తక్కిన ఆరు రోజులూ బళ్ళో రూలు. రెండు జడలు వేసి, మడిచి, రిబ్బన్లతో చెవుల పక్కన బిగించి కట్టాలి. తొమ్మిదో తరగతి పిల్ల. లెక్కలు బాగా చేస్తుంది, కేరమ్స్‌లో మా ఆయన్ని ఓడించి ఆయన చేత కాయిన్స్ సర్దించింది. చెవులు మాత్రం తలకి అంటుకుని ఉండవు, కాస్త ముందుకొచ్చి ఉంటాయి. జుట్టు వదిలేస్తే ఎవరికీ తెలీదు. జడలు మడిచి కట్టారంటే మొహం కంటే ముందు అవే కనబడతాయి.

ఈ మధ్య జ్వరమని ఒకరోజు, కడుపునొప్పని ఒకరోజు బడి మానేస్తోంది. థర్మామీటరు పెడితే ఏమీ లేదు. వదినగారు అసలు సంగతి ఎప్పుడూ చివరనే చెబుతారు. కందిపప్పు ధర, మున్సిపాలిటీ నీళ్ళు, మరిదిగారి మోకాళ్ళు అన్నీ అయ్యాక, మధ్య గోడ మీంచి మా చెట్టు కరివేపాకు రెండు రెబ్బలు తుంపుకుంటూ గొంతు తగ్గించారు.

"మా పిల్ల చెవులు కోయించుకుంటానంటోందండీ."

"కోయించుకోవడం కాదు వదినగారూ, వెనక్కి మడిపించుకోవడం" అన్నాను. పాతికేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని కదా, ఎవరైనా ఒక మాట తప్పంటే దిద్దకుండా ఉండలేను.

"ఏదైతేనేం, కత్తి కత్తే కదా! క్లాసులో దాన్ని 'డిష్' అంటున్నారట. పక్కన కూర్చుంటే 'సిగ్నల్ వస్తోందా' అంటారట. ఎవడో వెధవ ఫోన్లో ఫొటో తీసి, చెవులుండాల్సిన చోట రెండు డిష్ యాంటెన్నాలు అతికించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడట. వాళ్ళ క్లాస్ టీచరుతో చెబితే 'పట్టించుకోకమ్మా' అందిట."

ఆ 'పట్టించుకోకమ్మా' దగ్గర నాకు కోపం వచ్చింది. స్టాఫ్ రూముల్లో ఆ మాట చాలాసార్లు విన్నాను. ఏడిపించినవాళ్ళకి పనేమీ ఉండదు, ఏడిచిన పిల్లకే పని. వినపడనట్టుండాలి, నవ్వుతూ ఉండాలి, మార్కులు తగ్గకూడదు. ఒక పిల్లని రోజూ నలభైమంది చూస్తుంటే పట్టించుకోకుండా ఉండటమెలాగో ఆ టీచరమ్మ ఒక్కరోజు చేసి చూపిస్తే బాగుండును.

"మా తమ్ముడు చూడండి," అన్నారు వదినగారు, "అష్టావక్రుడి కథ చెప్పాడు దానికి. ఎనిమిది వంకరలున్న ఒంటితో జనకుడి సభకి వెళ్ళాడు, నవ్విన పండితుల నోళ్ళు మూయించాడు, నువ్వూ చదువులో చూపించు అని."

"మరి పిల్ల ఏమంది?"

"'అష్టావక్రుడు ఒక్కరోజు వెళ్ళాడు తాతయ్యా సభకి, నేను పరీక్షల దాకా వెళ్ళాలి' అంది."

మేమిద్దరం నవ్వుకున్నాం. తర్వాత వదినగారే నెమ్మదిగా, "నేనైతే కుబ్జ గురించి ఆలోచించానండీ. మధురలో కృష్ణుడు ఆవిడ పాదాలు తొక్కిపట్టి, గడ్డం కింద వేళ్ళు పెట్టి ఎత్తి, వంకర సాపు చేశాడా లేదా? నిన్ను నువ్వు ప్రేమించుకోవమ్మా అని ఉపన్యాసం చెప్పి పంపలేదుగా!"

నాకు జవాబు తోచలేదు. భాగవతం మీద వదినగారితో వాదించేటంత దమ్ము నాకు లేదు.

కానీ చెవుల సంగతి కాస్త తెలుసు. మా చెల్లెలి కొడుకు ఈఎన్‌టీ చదువుతున్నప్పుడు సెలవులకి వచ్చి, భోజనాల దగ్గర అన్నం సయించకుండా చేసేవాడు. వాడు చెప్పిందే వదినగారికి చెప్పాను. చెవిలో పైన ఒక మడత ఉంటుంది కదా, పుట్టుకలో అది సరిగా పడకపోయినా, మధ్యలో గిన్నెలాంటి భాగం లోతు ఎక్కువైనా, చెవి బయటికి తెరుచుకుని ఉంటుంది. వినికిడికీ దానికీ సంబంధం లేదు. అయిదారేళ్ళు వచ్చేసరికి చెవి పెద్దవాళ్ళ చెవికి దగ్గర దగ్గరగా ఎదిగిపోతుంది కాబట్టి ఆ తర్వాత ఎప్పుడైనా ఆపరేషన్ చేస్తారు. చెవి వెనకాల కోత పెట్టి, లోపలి మృదులాస్థికి కుట్లు వేసి మడత తెప్పిస్తారు. కట్టు విప్పాక కొన్ని వారాలపాటు రాత్రిళ్ళు తలకి బ్యాండు పెట్టుకుని పడుకోవాలి. దాని పేరు ఓటోప్లాస్టీ. ఇవాళ్టిది కూడా కాదు, న్యూయార్క్‌లో ఎలీ అనే డాక్టరు 1881లోనే ఇలాంటి ఆపరేషన్ గురించి రాశాడు.

"అంటే మా పిల్ల పుట్టినప్పుడే చూసుకోవలసిందన్నమాట" అన్నారు వదినగారు.

ఆ మాట విని నాకు భలే చిత్రమనిపించింది. ఎందుకంటే పుట్టినప్పుడు చూసుకున్నారు, చెవులు తప్ప అన్నీ! ఈ పిల్లకి నీళ్ళు పోయడానికి వచ్చే ఆవిడ నాకు బాగా గుర్తు. కాళ్ళు చాపుకుని, వాటి మీద పసిదాన్ని పడుకోబెట్టుకుని, ఆముదం రాసి, నలుగు పెట్టి, తల గుండ్రంగా రావాలని అరచేతులతో ఒత్తి, ముక్కు కోటేరులా రావాలని రెండు వేళ్ళతో సాగదీసి సాగదీసి వదిలేది. పసిది కెవ్వున ఏడుస్తుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ 'ఇంకాస్త లాగవే' అని. రంగు తేలాలని శనగపిండి, కడుపులో ఉన్నప్పుడు తల్లికి కుంకుమపువ్వు పాలు. పురిటి గది దాటకముందే పిల్ల మీద మన సౌందర్య వైద్యం మొదలవుతుంది.

ముక్కు ఎంత లాగినా అది వచ్చేటట్టే వస్తుంది, లాగుడుతో పొడుగవదు. చెవి మాత్రం అలా కాదు. తల్లి దగ్గర్నించి వచ్చిన హార్మోన్ల వల్ల పుట్టిన కొత్తలో చెవి మృదులాస్థి మెత్తగా ఉంటుంది. పచ్చి అప్పడం మడిస్తే మడత పడుతుంది, ఎండాక మడిస్తే విరుగుతుంది, అంతే లెక్క. మొదటి రెండు మూడు వారాల్లో గనక చిన్న అచ్చు పెట్టి, ప్లాస్టర్లు అంటించి కొన్ని వారాలు ఉంచితే చాలామందికి కత్తి లేకుండానే చెవి సరైన ఆకారానికి వస్తుంది. పిల్లల డాక్టర్లు ఇప్పుడు చేస్తున్నారు. అంత ముక్కు లాగిన చేతులు ఆ చెవుల జోలికి మాత్రం వెళ్ళలేదు!

"అయితే ఇప్పుడు చేయించమంటారా, వద్దంటారా?" వదినగారికి సూటి జవాబు కావాలి.

సూటి జవాబు ఉంటే నేనెప్పుడో టీవీ చర్చల్లో కూర్చునేదాన్ని. ఈ ప్రశ్న మనకొక్కళ్ళకే వచ్చింది కాదు. 1896లో బెర్లిన్‌లో ఒక తల్లి తన కొడుకుని జాక్ జోసెఫ్ అనే కుర్ర డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పిల్లాడి చెవులు పెద్దవి, బళ్ళో అందరూ వెక్కిరిస్తున్నారు, వాడు బడికి పోనని కూర్చున్నాడు. జోసెఫ్ ఆపరేషన్ చేశాడు, చెవులు బాగా వచ్చాయి, తల్లి సంతోషించింది. జోసెఫ్ ఉద్యోగం మాత్రం పోయింది! ఆయన అప్పుడు వోల్ఫ్ అనే పెద్ద ఎముకల డాక్టరు దగ్గర అసిస్టెంటు. జబ్బు లేనివాడికి, కేవలం అందం కోసం కత్తి పెడతావా అని పెద్దాయన సాగనంపేశాడు. ఆ తర్వాత జోసెఫ్ ముక్కుల మీద పడ్డాడు. బెర్లిన్‌లో ఆయన పేరే ముక్కుల జోసెఫ్ అయిపోయింది. ఆయన యూదుడు. ముక్కు చూసి యూదుడని గుర్తుపట్టి జనం ఈసడిస్తున్నారని ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు, డబ్బులేనివాళ్ళకి ఉత్తినే చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆయన వాదన ఒకటే. మనిషి నలుగురిలోకి రాలేక కుమిలిపోతుంటే అది జబ్బు కాదా అని.

వాదన నాకు నచ్చుతుంది. ఆ పిల్లాడు బడికెళ్ళి ఉంటాడు, తల్లి నిద్రపోయి ఉంటుంది. కానీ ఆ ముక్కుల దగ్గరికి వచ్చేసరికి మనసు ఒప్పుకోదు. ముక్కు మార్చుకున్నవాళ్ళు మార్చుకున్నారు, ఈసడించేవాళ్ళు తర్వాత ఆ దేశంలో ఏం చేశారో లోకానికి తెలుసు.

ఇదంతా చెబుతుంటే వదినగారికి విసుగొచ్చినట్టుంది. "బెర్లిన్ ఎందుకండీ, మా కోడలు ఆల్రెడీ హైదరాబాదులో ఒక క్లినిక్కుకి తీసుకెళ్ళొచ్చింది" అన్నారు. చూశారా, అసలు సంగతిలో అసలు సంగతి ఇప్పుడు బయటపడింది!

అక్కడ డాక్టరు కంటే ముందు కౌన్సెలర్ అని ఒక అమ్మాయి కూర్చోబెట్టిందట. కంప్యూటర్లో పిల్ల ఫొటో పెట్టి, చెవులు వెనక్కి జరిపి చూపించింది. పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు ఆరకముందే, "చెవులు తగ్గితే ముక్కు కొంచెం పెద్దగా కనిపిస్తుంది మేడమ్, గడ్డం కూడా కాస్త లోపలికుంది, బ్యాలెన్స్ కోసం మూడూ కలిపి చేయించుకుంటే ప్యాకేజీలో తగ్గుతుంది" అందిట. ఇంటికొచ్చినప్పట్నించీ పిల్ల చెవుల ఊసు తగ్గించి అద్దంలో గడ్డం చూసుకుంటోందట, పక్కకి తిరిగి.

బళ్ళో ఏడిపించిన వెధవలు కూడా గడ్డం జోలికి రాలేదు. అది డబ్బులు కట్టి నేర్చుకున్న లోపం!

ఇలాంటిదే అమెరికాలో 2012లో జరిగింది. జార్జియాలో 14 ఏళ్ళ అమ్మాయి. బళ్ళో 'డంబో' అని, అంటే ఆ సినిమాలో పెద్ద చెవుల గున్న ఏనుగు పేరు పెట్టి, చిన్నప్పటినుంచీ వేధించారు. పదేళ్ళకే తల్లిని ఆపరేషన్ అడిగింది. చివరికి న్యూయార్క్‌లో ఒక చారిటీ ముందుకొచ్చి ఉచితంగా చేయించింది. పిల్ల అడిగింది చెవులు. డాక్టరు ముక్కూ గడ్డం కూడా చేస్తే బాగుంటుందన్నాడు, మూడూ చేశారు. టీవీల్లో చూపించారు. పిల్ల సంతోషంగానే ఉంది, ఆ సంతోషాన్ని తప్పు పట్టడానికి మనమెవరం? దేశమంతా మాత్రం రెండుగా చీలి వాదించుకుంది. వేధించినవాళ్ళని వదిలేసి పిల్లని మారుస్తారా అని కొందరు, ఆ పిల్ల జాగాలో నువ్వుండి చెప్పు అని కొందరు. నాకైతే చెవుల దగ్గర ఆ రెండోవాళ్ళ మాటే నచ్చింది. ముక్కూ గడ్డం దగ్గర మాత్రం నాకు ఒకటే అనుమానం. అడగని పిల్లకి అది లోపమని మొదట చెప్పిందెవరు?

"మన దగ్గర ఇంత లేదులెండి" అన్నారు వదినగారు.

ఎందుకు లేదూ? 2016లో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కుర్రాడి సంగతి మర్చిపోయారా! 5 అడుగుల 7 అంగుళాల మనిషి. మన ఇళ్ళల్లో ఆ ఎత్తుంటే ఫ్యాను తుడవడానికి వాణ్ణే పిలుస్తాం. అది చాలదని, ఇంకో మూడంగుళాల కోసం రెండు కాళ్ళ ఎముకలూ కోయించుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. కొడుకు కనబడటం లేదని తల్లిదండ్రులు పోలీసులకి చెబితే ఆస్పత్రి మంచం మీద దొరికాడు. కోసిన ఎముకని రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తూ పోతే మధ్యలో కొత్త ఎముక పడుతుందని కనిపెట్టినవాడు సోవియట్ డాక్టరు ఇలిజారోవ్. ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో యుద్ధంలో కాళ్ళు నుజ్జయినవాళ్ళూ ఉన్నారు. నడవలేనివాణ్ణి నడిపించడానికి పుట్టిన పద్ధతి, నడిచేవాణ్ణి నెలల తరబడి మంచాన పడుకోబెట్టింది. ఆ గొడవ మెడికల్ కౌన్సిల్ దాకా వెళ్ళింది.

అంతెందుకు, సినిమా హీరోయిన్ ఆర్తి అగర్వాల్‌ని తలుచుకుంటే వదినగారికి ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. 'నువ్వు నాకు నచ్చావ్' ఎన్నిసార్లు చూశారో. ఒళ్ళు చేసిందని పత్రికలన్నీ రాయగా రాయగా, ఆ పిల్ల కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకుని, కొన్ని వారాలకి 2015 జూన్‌లో న్యూజెర్సీలో పోయింది. 31 ఏళ్ళు. ఆపరేషన్ వల్లా కాదా అన్నది డాక్టర్లు తేల్చాల్సిన మాట. లావైంది లావైంది అన్నది మాత్రం మనం, టిక్కెట్టు కొనుక్కుని.

ఇంతలో పిల్లే వచ్చింది గోడ దగ్గరికి. శనివారం సాయంత్రం, అప్పుడే జడలు విప్పేసుకుంది.

"టీచరమ్మమ్మా, మీరూ వద్దంటారా?"

"నేను వద్దనలేదు. చెవులు అడుగుతున్నావా, గడ్డం అడుగుతున్నావా?"

కాసేపు మాట్లాడలేదు. "ముందు చెవులే. ఇప్పుడు తెలీదు" అంది.

ఆ 'తెలీదు' విని నాకు కొంచెం భయం వేసింది. ఎప్పుడూ ఒక్క చెవుల గురించే అడిగి, అద్దం ముందు మామూలుగానే ఉండి, ఆటలాడుకుని, తిండి తిని, నిద్రపోయే పిల్ల సంగతి వేరు. గంటల తరబడి అద్దం వదలకపోవడం, లేదా అద్దమే చూడకపోవడం, ఇవాళ ముక్కు రేపు గడ్డం ఎల్లుండి నుదురు, ఎదుటివాళ్ళకి కనబడని లోపం తనకి కొండంత కనబడటం, ఇది వేరు. దానికి బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ అని పేరు. నూటికి ఇద్దరి దాకా ఉంటుందంటారు, చాలామందికి ఈ టీనేజి వయసులోనే మొదలవుతుంది. దానికి ఆపరేషన్ చేస్తే తగ్గదు, చూపు ఇంకో చోటికి మారుతుంది. మానసిక వైద్యుల దగ్గర మాటలతో చేసే చికిత్స ఉంది, మందులున్నాయి, వాటితో చాలామందికి తగ్గుతుంది. అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ మొహం మారినా మనసు మారనివాళ్ళని చూసి చూసి, 1960లో ఆ సంగతి మీద ఏకంగా పుస్తకం రాసేశాడు. ఆస్ట్రేలియాలో పద్దెనిమిది నిండని పిల్లలకి అందం కోసం పెద్ద ఆపరేషన్ చేయాలంటే ముందు మానసిక నిపుణులో, వేరే డాక్టరో చూడాలి, ఆ పైన మూడు నెలలు ఆగాలి. ఆ గడువు మనింట్లో మనం పెట్టుకుంటే కాదనేవాళ్ళెవరు?

పిల్లని ఇంకో మాట అడిగాను. "బడి లేకపోతే, అసలు ఎవరూ చూడని చోట ఉంటే, చెవులు నీకు అడ్డమేనా?"

"వేసవి సెలవుల్లో గుర్తే రావు" అంది. మళ్ళీ తనే, "మావయ్య వచ్చినప్పుడు తప్ప" అంది.

వదినగారు కొంగు సర్దుకున్నారు. వాళ్ళ తమ్ముడి కొడుకు, అంటే పిల్ల తల్లికి స్వయానా అన్న కాదనుకోండి, వరసకి మావయ్య, వచ్చినప్పుడల్లా ఆ చెవి పట్టుకుని లాగి 'ఏమే చేటచెవుల దానా' అంటాడు. ముద్దే. అందరూ నవ్వుతారు. పిల్ల కూడా నవ్వేది, ఎనిమిదో ఏడు దాకా. మన ఇళ్ళల్లో ఇది కొత్తా? బండోడు, నల్లపిల్ల, ఎత్తుపళ్ళు, బుడంకాయ. పెద్దయ్యాక పెళ్ళి శుభలేఖ మీద అసలు పేరు చూసి 'ఇదెవరు' అని అడిగేంతగా పిలుస్తాం. తెల్లగా చేస్తానంటూ 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీముకి, జనం ఒత్తిడి తెచ్చినా, పేరు మార్చడానికి కంపెనీకి 2020 దాకా పట్టింది. మావయ్యల మీద ఒత్తిడి తెచ్చేవాళ్ళెవరూ లేరు.

"మీ కోడలికి రెండు పనులు చెప్పండి" అన్నాను వదినగారితో. "ఒకటి, ఆ ఫొటో పెట్టినవాడి సంగతి. క్లాస్ టీచరు కాకపోతే హెడ్ దగ్గరికి, రాతపూర్వకంగా, ఫొటో ప్రింటు జతచేసి. నోటిమాట ఫిర్యాదు బళ్ళో ఎవరికీ గుర్తుండదు, కాగితానికి జవాబు చెప్పాలి. అందులోనే జడల రూలు కూడా అడగండి. ఒంటిజడ వేసుకుంటే చదువేం తగ్గిపోదు. రెండు, ఆ ప్యాకేజీ క్లినిక్కుని వదిలేసి, పెద్ద గవర్నమెంటు ఆస్పత్రి ప్లాస్టిక్ సర్జరీ ఓపీలో చూపించండి. అక్కడ అమ్మడానికి ఎవరూ కూర్చోరు. మీ ఇంట్లో ఎవరికైనా చెవులు కుట్టించిన చోట గడ్డలా లేచిందా?"

"నాకే లేచింది" అని వదినగారు తమ్మె చూపించారు.

"అది ముందే చెప్పాలి డాక్టరుకి. కీలాయిడ్ అంటారు. ఆ తత్వం పిల్లకీ వస్తే చెవి వెనక కోత దగ్గర కూడా లేవచ్చు. ఒక్కోసారి చెవి మళ్ళీ ముందుకి రావచ్చు, రెండూ ఒక్కలా రాకపోవచ్చు. ఇవన్నీ విని, పిల్లకి ఎదురుగా వినిపించి, పదో తరగతి పరీక్షలయ్యాక కూడా చెవులే కావాలంటే అప్పుడు చూద్దాం. ఈలోగా మనసు బాగోకపోతే 14416 ఉంది, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. నీకోసమే చెబుతున్నా, మీ నానమ్మకి కాదు."

పిల్ల ఫోను తీసి నంబరు రాసుకుంది. నవ్వలేదు, తీసిపారేయలేదు.

"పరీక్షల దాకా అంటే ఏడాది పైన" అంది.

"అవును."

"మావయ్య పండక్కి వస్తాడు."

"ఆయన సంగతి నాకొదిలెయ్" అన్నారు వదినగారు. కరివేపాకు రెబ్బలు రెండూ గోడ మీద పెట్టేసి మరీ అన్నారు. "వాడికి బట్టతల మొదలైంది, నేనెప్పుడైనా అన్నానా!"

"అనకు నానమ్మా" అంది పిల్ల. కాసేపాగి, "సరే, ఎప్పుడో చేయించుకున్నాననుకో. తెలిసినవాళ్ళందరూ చూస్తారు కదా. ఏమైందని అడిగితే ఏం చెప్పాలి?"

నాకు నోట మాట రాలేదు. ఆ ప్రశ్న ఆ క్లినిక్కులో ఎవరూ తీసి ఉండరు. వదినగారికి మాత్రం ఆలోచించడానికి టైము పట్టలేదు.

"చెవిపోటని చెప్పు."

"రెండు చెవులకీనా?"

"జలుబు చేస్తే రెండింటికీ రాదా ఏం?" అని వదినగారు ఎదురు ప్రశ్న వేశారు. మా ఆయన లోపల్నించి కేరమ్ బోర్డు దించానని కేక పెడితే పిల్ల గోడ చుట్టూ తిరిగి రావడం ఎందుకని, ఎప్పటిలాగే గోడ ఎక్కి దూకేసింది.